గాయపడిన జవాన్లకి, పోలీసులకి విదేశాల నుంచి చందాలు: వసూలు తర్వాత, ముందు దారి చూసుకోండి

మా ఊరి తెలుగువాళ్లం మొదటిసారి జవాన్ల కోసం చందాలు పోగేసినప్పుడు మూడు వారాల్లో 11,400 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు ఏడు నెలలు ఒక మిత్రుడి ఖాతాలో కదలకుండా పడి ఉంది. చివరికి 83 మందికి ఎవరిది వాళ్లకి వెనక్కి పంపేశాం. ఎవరూ తినలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. మేం పంపుదామనుకున్న ట్రస్టుకి విదేశీ డబ్బు తీసుకునే అనుమతి గడువు అప్పటికే తీరిపోయింది. అది మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. చందా అడిగేటప్పుడు లేచిన నోరు, తిరిగి ఇచ్చేటప్పుడు లేవలేదు.

అందుకే ఇక్కడ వరస తలకిందులుగా ఉంటుంది. డబ్బు ఎక్కడికి చేరాలన్నది ముందు, ఎలా అడగాలన్నది చివర. నేను అమెరికాలో ఉంటాను కాబట్టి ఎక్కువగా ఇక్కడి సంగతులే రాస్తున్నాను. గల్ఫ్, బ్రిటన్, సింగపూర్‌లో ఉన్నవాళ్లకి మధ్యలో నాలుగు మాటలున్నాయి. అవి తప్పకుండా చదవండి, ముఖ్యంగా గల్ఫ్‌ వాళ్లు.

1. లోటు ఎక్కడుందో ముందు కనుక్కోండి

"జవాను వైద్యానికి సాయం" అని పోస్టరు వేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. డ్యూటీలో గాయపడిన సైనికుడికి మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. కాలో చెయ్యో పోతే పుణేలో 1944 నుంచి నడుస్తున్న ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది. సర్వీసు నుంచి బయటికి వచ్చాక పెన్షనుతో పాటు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం ఉంది. మన తెలుగు రాష్ట్రాల పోలీసులకి "ఆరోగ్య భద్రత" అనే వైద్య పథకం ఉంది. అంటే ఆసుపత్రి బిల్లు చాలా సందర్భాల్లో అసలు సమస్య కాదు.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. వెన్నుపూస దెబ్బతిన్న మనిషి వీల్‌చైర్‌లో ఇంటికి వస్తే, ఆ వీల్‌చైర్ బాత్రూం గుమ్మంలో పట్టదు. వాకిట్లో మూడు మెట్లుంటాయి. పాతికేళ్ల కుర్రాణ్ని "బోర్డ్ అవుట్" చేసి, అంటే ఇక ఉద్యోగానికి పనికిరాడని డాక్టర్లు తేల్చి, పంపిస్తే పెన్షను వస్తుంది గానీ, మిగతా ముప్పై నలభై ఏళ్లు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. కంప్యూటర్ పనో, షాపు నడపడమో నేర్పేవాళ్లు కావాలి. ఆటలాడాలనుకుంటే ఆటకి పనికొచ్చే కృత్రిమ కాలు వేరే ఉంటుంది, దాని ధర వేరే. చూసుకోవడానికి భార్యో తల్లో ఉద్యోగం మానేస్తే ఆ ఆదాయం పోతుంది. ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనబడవు.

హోంగార్డులని మర్చిపోకండి. కానిస్టేబుల్ పక్కనే నిలబడి అదే ట్రాఫిక్‌లో, అదే బందోబస్తులో పని చేస్తారు. కానీ పర్మనెంటు ఉద్యోగులు కారు, జీతం రోజు లెక్కన. నా మట్టుకు నాకు మన చిన్న చిన్న మొత్తాలు ఎక్కువ పనికొచ్చేది ఇక్కడే అనిపిస్తుంది.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఎవరైనా వీరమరణం పొందితే దేశమంతా కదులుతుంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పోయినప్పుడు మనమందరం కదిలాం, కదలాలి కూడా. కేంద్ర బలగాల అమరుల కుటుంబాల కోసం హోం శాఖ 2017 ఏప్రిల్‌లో పెట్టిన "భారత్ కే వీర్" ఉంది. ఒక్కో కుటుంబానికి 15 లక్షల పరిమితితో నడిచే మంచి ఏర్పాటు. కానీ గాయపడి బతికినవాడు టీవీలో ఒక్క రోజే కనిపిస్తాడు. మీరు ఎవరికోసం పోగేస్తున్నారో పోస్టరు మీద స్పష్టంగా ఉండాలి: అమరుల కుటుంబాలకా, గాయపడినవాళ్లకా? రెండూ కలిపి రాస్తే తర్వాత లెక్క చెప్పలేరు.

లోటు తెలిశాక దాన్ని ఒక వస్తువుగా మార్చండి. బ్రిటన్‌లో 2007లో బ్రిన్, ఎమ్మా పారీ అనే దంపతులు "హెల్ప్ ఫర్ హీరోస్" మొదలుపెట్టినప్పుడు "సైనికుల సంక్షేమం" అని అడగలేదు. గాయపడినవాళ్లు కోలుకునే హెడ్లీ కోర్టు కేంద్రానికి ఒక ఈతకొలను కావాలన్నారు. 2010లో కొలను తయారైంది. జనానికి కంటికి కనిపించేది కావాలి. "ఆరు వీల్‌చైర్లు", "రెండు ఇళ్లకి ర్యాంపు, బాత్రూం మార్పు", "పది మందికి ఏడాది శిక్షణ ఫీజు" అని అడగండి.

2. పాస్‌పోర్టు లెక్క

ఈ భాగం విసుగ్గా ఉంటుంది. మేం దెబ్బతిన్నది కూడా ఇక్కడే.

ఇండియాలోకి వచ్చే విదేశీ విరాళాలకి ఎఫ్‌సీఆర్ఏ అనే చట్టం ఉంది. 2010 నాటిది, 2020లో బాగా బిగించారు. ఇందులో మనం చూడాల్సింది ఇచ్చేవాడి పాస్‌పోర్టు, ఇచ్చేవాడు ఉన్న ఊరు కాదు.

మీరు హెచ్1బి మీదున్నా, గ్రీన్‌కార్డు వచ్చినా, భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) పట్టుకున్నవాళ్ల డబ్బు వస్తుంది. "నేనూ గుంటూరు వాణ్నే కదా" అంటే చట్టం వినదు.

ఇంకో మెలిక ఉంది. మీ సంఘం అమెరికాలో రిజిస్టరయితే, సభ్యులందరూ భారత పాస్‌పోర్టు వాళ్లే అయినా, సంఘం ఖాతా నుంచి వెళ్లే డబ్బు విదేశీ విరాళమే. అందరి డబ్బూ ఒక కుండలో పోశాక విడదియ్యలేరు. కాబట్టి వసూలుకి ముందే ఒక మాట అనుకోండి: భారత పాస్‌పోర్టు వాళ్లు ఎవరికి వాళ్లు నేరుగా అక్కడి నిధికి కట్టి రసీదు గ్రూపులో పెట్టడమా, లేక అందరూ ఇక్కడి సంస్థకి ఇచ్చి అది ఒక్కటిగా పంపడమా? మొదటిది తేలిక, వేగం. రెండోదానికి కాగితాలు ఎక్కువ, కానీ ఇక్కడ పన్ను మినహాయింపు, కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా కలపడం) దొరుకుతాయి.

విదేశీ విరాళం తీసుకోవాలంటే అక్కడి ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషను ఉండాలి. అది ఐదేళ్లకే చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేసుకోవాలి. డబ్బు ముందుగా చేరాల్సింది ఢిల్లీలో సంసద్ మార్గ్‌లో ఉన్న స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ ట్రస్టు తెరిచిన ప్రత్యేక ఖాతాకి. వాళ్లు మీకు విజయవాడ బ్రాంచి ఖాతా నంబరు ఇచ్చి "ఇందులో వెయ్యండి, ఏం కాదు" అంటే అక్కడే ఆగిపోండి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి పంచి ఇవ్వడం కూడా కుదరదు. "మాకు అనుమతి లేదు, మా అన్నయ్య ట్రస్టుకి ఉంది, అక్కడికి పంపితే మాకు ఇస్తారు" అన్న ఏర్పాటు ఇక చెల్లదు. ఆఫీసు ఖర్చులకి విదేశీ విరాళంలో 20 శాతం మించి వాడకూడదు, అంతకుముందు 50 దాకా వీలుండేది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సర్వీసులో ఉన్న జవానైనా, కానిస్టేబులైనా ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వోద్యోగి విదేశీ విరాళం తీసుకోకూడదని అదే చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. దగ్గరి బంధువులు పంపుకోవడం వేరే సంగతి. మీ సంఘం పోగేసిన డాలర్లని మంచంలో ఉన్న ఆ కుర్రాడి ఖాతాలో నేరుగా వేస్తే, సాయం చేసినట్టు ఉంటుంది గానీ అతని మెడకే చుట్టుకోవచ్చు. భారత పాస్‌పోర్టు వాళ్ల డబ్బయినా, కానుకలు తీసుకోవడం మీద ఉద్యోగుల ప్రవర్తనా నియమాలుంటాయి. పైఅధికారికి తెలియకుండా వచ్చిన డబ్బు రేపు ఎంక్వయిరీలో ప్రశ్న అవుతుంది. కాలు పోగొట్టుకున్నవాడికి మనం తెచ్చిపెట్టే టెన్షన్ ఇదా? వాట్సాప్‌లో తిరిగే ఫోన్‌పే నంబరు నిజంగా అతనిదే అయినా సరే, నేరుగా వెయ్యకండి. యూనిట్ ద్వారానో, పోలీసయితే జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసు ద్వారానో మాట్లాడండి.

3. ఎవరి చేతికి ఇవ్వాలి

సైన్యం వైపు మొదట చూడాల్సింది ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువల్టీస్ వెల్ఫేర్ ఫండ్. ఆపరేషన్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలకీ, తీవ్రంగా గాయపడినవాళ్లకీ సాయం చేసే నిధి ఇది. జనం నేరుగా విరాళం ఇవ్వడానికి 2022 అక్టోబరులో రక్షణ శాఖ "మా భారతీ కే సపూత్" అనే వెబ్‌సైటు తెరిచింది. రెండోది సాయుధ దళాల పతాక నిధి. చిన్నప్పుడు బళ్లో డిసెంబరు 7న చొక్కాకి గుచ్చుకున్న చిన్న జెండా గుర్తుందా, అదే. 1949 నుంచి ఆ రోజు జరుపుతున్నారు. ఈ నిధిని కేంద్రీయ సైనిక్ బోర్డు చూస్తుంది, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు దాని పని చూస్తాయి.

ఒక చోటికే ఇద్దామనుకుంటే నడుం కింద చచ్చుబడిన సైనికుల కోసం పుణే దగ్గర ఖడ్కీలో (1974), మొహాలీలో (1978) పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్లున్నాయి. ఖడ్కీలోనే క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పుట్టిన సంస్థ. అంగవైకల్యం వచ్చిన సైనికులకి పని నేర్పడమే దాని పని.

మన హైదరాబాద్‌లోనే సీఆర్‌పీఎఫ్ వాళ్ల నేషనల్ సెంటర్ ఫర్ దివ్యాంగ్ ఎంపవర్‌మెంట్ ఉంది. మావోయిస్టు ప్రాంతాల్లో మందుపాతరలకి కాళ్లు పోగొట్టుకున్న జవాన్లకి అక్కడ కొత్త పని, ఆట నేర్పుతారు. సెలవులకి వెళ్లినప్పుడు ముందుగా ఉత్తరం రాసి, వాళ్లు రమ్మంటే వెళ్లి చూసి రండి. కళ్లారా చూసినవాడు చందా అడిగే తీరే వేరు.

వీటిలో ఏది విదేశీ పాస్‌పోర్టు వాళ్ల డబ్బు తీసుకోగలదు, ఏది తీసుకోలేదు అన్నది ఊహించకండి. ప్రతిచోటికీ ఈమెయిల్ రాయండి, జవాబు రాతలోనే తీసుకోండి. అడగాల్సినవి:

- మీకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషను కానీ, మినహాయింపు కానీ ఉందా? గడువు ఏ తేదీ వరకు?
- ఫలానా వస్తువు కోసమే ఇస్తే, దానికే వాడతామని రాసివ్వగలరా?
- బిల్లు, ఖర్చు లెక్క ఎన్నాళ్లలో పంపుతారు?
- నగదు వద్దు, వస్తువే కావాలంటే ఏ మోడలు, ఎవరి దగ్గర కొనాలి?

నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి వాళ్లకి పని తెలుసో లేదో మీకే అర్థమవుతుంది.

నకిలీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత, సైన్యం ఆధునికీకరణకీ గాయపడిన సైనికులకీ ప్రభుత్వం ఒక బ్యాంకు ఖాతా తెరిచిందని వాట్సాప్‌లో ఒక మెసేజి తిరిగింది. అది తప్పుదారి పట్టించేదని రక్షణ శాఖే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. చదువుకున్నవాళ్లే, మా గ్రూపులో కూడా, దాన్ని ముందుకు తోశారు. ఖాతా నంబరు మెసేజిలోంచి కాదు, ప్రభుత్వ వెబ్‌సైట్లోంచి మీరే చూసి రాసుకోవాలి.

4. ఈ వైపు ఏర్పాటు

అమెరికాలో: ఎవరి సొంత ఖాతాలోకీ జెల్ (Zelle, ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) చేయించకండి. మా మిత్రుడు ఆ ఏడు నెలలు పడుకోలేదు. 501సి3 హోదా, అంటే పన్ను మినహాయింపు ఉన్న స్వచ్ఛంద సంస్థ హోదా, ఉన్న సంస్థ గొడుగు కిందికి వెళ్లండి. తానా, ఆటా, నాట్స్ లాంటి పెద్ద సంఘాలుండొచ్చు, మీ ఊరి గుడో, అసోసియేషనో ఉండొచ్చు. దాతకి పన్ను మినహాయింపు ఆ సంస్థకి ఇస్తేనే. ఇండియా ట్రస్టుకి నేరుగా ఇచ్చినదానికీ, ఫలానా మనిషికే అని పేరు పెట్టి ఇచ్చినదానికీ అమెరికా పన్నులో మినహాయింపు లేదు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఇక్కడి సంస్థదే అయి ఉండాలి, ఉత్త పోస్టుమాన్‌లా ఉంటే కుదరదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకి రాతపూర్వక రసీదు ఇవ్వాలి. భోజనం టికెట్టు లాంటిది ఇచ్చి 75 డాలర్లకి మించి తీసుకుంటే, అందులో భోజనం విలువ ఎంతో, విరాళం ఎంతో రాసివ్వాలి. చాలా రాష్ట్రాల్లో చందా అడగడానికే ముందు రిజిస్టర్ చేసుకోవాలి. రాఫిల్ (టికెట్లు అమ్మి లాటరీ తీయడం) పెట్టి ఐఫోన్ ఇద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది చాలా చోట్ల జూదం చట్టం కిందికి వస్తుంది, మీ రాష్ట్రం రూల్ చూడకుండా ఊ అనకండి.

కంపెనీ మ్యాచింగ్ మాత్రం వదలొద్దు. మనవాళ్లు సగం మంది ఐటీలో ఉన్నారు. ఉద్యోగి వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద వేసే చోట్లు చాలా ఉన్నాయి, ఆ ఫారం నింపడానికి ఐదు నిమిషాలు. అడక్కపోతే ఎవరూ నింపరు. ఈవెంటు రోజు ఒక కుర్రాణ్ని ల్యాప్‌టాప్‌తో కూర్చోబెట్టి అక్కడికక్కడే నింపించండి.

బ్రిటన్‌లో: అక్కడి చారిటీ ద్వారా ఇస్తే, పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకీ గిఫ్ట్ ఎయిడ్ కింద 25 పెన్నీలు ఆ చారిటీకి ప్రభుత్వం నుంచి వస్తాయి. ఒక సంతకంతో అయ్యే పని.

సింగపూర్‌లో: విదేశీ అవసరం కోసం జనం దగ్గర చందా వసూలు చెయ్యాలంటే కమిషనర్ ఆఫ్ చారిటీస్ పర్మిట్ ముందు కావాలి.

దుబాయ్, అబుధాబిలో: వసూలు చెయ్యకండి. 2021 నాటి చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప మనుషులు విడిగా విరాళాలు పోగు చెయ్యకూడదు. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో అడిగినా అదే లెక్క, జరిమానా, జైలు దాకా వెళ్తుంది. లేబర్ క్యాంపులో తలా పది దిర్హాములు పోగేసే మంచి మనసుకి ఇది చేదుగానే ఉంటుంది. అక్కడున్న భారత పాస్‌పోర్టు వాళ్లు ఎవరికి వాళ్లు తమ ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉన్న భారతీయులకి ఇండియా బ్యాంకులో ఉండే ఖాతా) నుంచి ఇండియా నిధికి కట్టుకుంటే సరిపోతుంది, నలుగురి దగ్గరా పోగెయ్యాల్సిన పనే లేదు.

5. అడగడం

దీనికి మనవాళ్లకి పెద్దగా నేర్పాల్సింది లేదు. సంక్రాంతికో, కార్తీక వనభోజనాలకో ఎలాగూ కలుస్తాం. తేదీ మాత్రం కలిసొచ్చేలా పెట్టండి. సైనికులకయితే డిసెంబరు 7, లేదా కార్గిల్ విజయ దివస్ జులై 26. పోలీసులకయితే అక్టోబరు 21. 1959లో అదే రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయారు, అందుకే అది పోలీసు అమరవీరుల దినం. ఈ ఒక్క ముక్క స్టేజి మీద చెబితే హాలు నిశ్శబ్దమవుతుంది. "అప్పట్లో ఆ సరిహద్దు కాసింది పోలీసులా?" అని అడుగుతారు.

5కె నడక బాగా పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. తిండి స్టాల్ పెడితే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ తాత్కాలిక పర్మిట్ తీసుకోండి, లేకపోతే పునుగుల బాండీ మధ్యలో ఆపేస్తారు. నగదు పెట్టె ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. భార్యాభర్తలయితే కుదరదు, వేర్వేరు ఇళ్ల వాళ్లుండాలి. అనుమానం ఉండి కాదు, రేపు ఎవరూ అనకుండా.

గాయం ఫోటోలు వాడకండి. జాలి కోసం మొండి కాలు చూపించి అడిగిన డబ్బు ఆ మనిషికి సాయమవుతుందని నేననుకోను. చెప్పడానికి వేరే కథలు బోలెడు. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి నడుం కింద చచ్చుబడిపోయిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బెర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం తెచ్చాడు. 2002లో మందుపాతరకి కాలు పోయిన హొకాటో సెమా 2024 పారిస్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం తెచ్చాడు. పిల్లల ముందు ఇవి చెప్పండి. యూనిట్ ఎక్కడుంది, ఏ ఆపరేషను, ఎవరు ఏ ఊరివాళ్లు అన్న వివరాలు మాత్రం పోస్టర్లోకి రాకూడదు.

పార్టీ జెండాలు, కండువాలు గేటు దగ్గరే ఆపండి. 501సి3 సంస్థ ఎన్నికల ప్రచారం చెయ్యకూడదన్నది ఒక కారణం. రెండోది, ఒక కండువా వస్తే అవతలి వాళ్లు లేచిపోతారు, వాళ్ల పర్సులతో సహా.

ఉత్సాహంలో ఎవరో ఒకరు "బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, నైట్ విజన్ గాగుల్స్ కొని పంపుదాం" అంటారు. అమెరికా నుంచి అలాంటి సామాను బయటికి పంపడానికి ఎగుమతి లైసెన్సుల గొడవ ఉంది. సూట్‌కేసులో పెట్టుకెళ్లే ఆలోచన అసలే వద్దు.

అడిగే మాట ఇలా చిన్నదిగా ఉంటే చాలు: "ఒక వీల్‌చైర్ ధర ఇంత. మాకు ఆరు కావాలి. ఇప్పటికి రెండు అయ్యాయి. మీరు పావు వంతు ఇవ్వగలరా?" పావు వంతు అని అడిగితే సగం ఇచ్చినవాళ్లున్నారు. "మీకు తోచినంత" అంటే ఇరవై డాలర్లే తోస్తుంది.

6. పంపడం, లెక్క చెప్పడం

వైర్ చేసేటప్పుడు కారణం గడిలో విరాళం అనే రాయండి, "ఫ్యామిలీ మెయింటెనెన్స్" అని తేలిక దారి చూసుకోకండి. వైర్ చార్జీ, మారకంలో పోయే తేడా ముందే లెక్కలో పెట్టండి. మాకు ఒకసారి ఆ తేడాకే సగం వీల్‌చైర్ తగ్గింది. ఇండియాలో ఆదాయం ఉండి పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడి నిధికి కడితే 80జి రసీదు (విరాళానికి ఇండియా పన్నులో మినహాయింపు ఇచ్చేది) అడిగి దాచుకోవాలి.

ఈవెంటు అయిన వారంలోపు గ్రూపులో మూడు అంకెలు పెట్టండి: వచ్చింది, ఖర్చయింది, పంపింది. డబ్బు చేరినట్టు అటునుంచి జవాబు వచ్చాక అది పెట్టండి. బిల్లు వచ్చాక అది. దాతల పేర్ల పక్కన మొత్తాలు రాయొద్దు, మన ఊళ్లో గుడి గోడ మీద చెక్కినట్టు. ఇరవై ఇచ్చినవాడు మళ్లీ రాడు.

రెండోసారి మేం ఈ వరసలోనే వెళ్లాం. అనుమతి కాగితం ముందు చూశాం, వస్తువు ముందు తేల్చుకున్నాం, ఆ తర్వాతే అడిగాం. నాలుగు నెలల్లో ఆరు వీల్‌చైర్ల బిల్లు గ్రూపులోకి వచ్చింది. అందరూ దండాలు, జెండాలు పెడుతుంటే, కొడుకు దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ గారు ఒక్క మాట రాశారు: "బాబూ, ట్యూబులు, టైర్లు స్పేర్ ఏవీ? పంక్చర్ పడితే ఆ అబ్బాయి ఎక్కడికెళ్తాడు?" మేం ఎవరం అడగలేదు. ఈసారి జాబితాలో మొదటి వరస అదే: ట్యూబులు పన్నెండు, టైర్లు పన్నెండు, గాలి పంపు ఒకటి.